గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు వేయించాలా?

మిగతావాళ్లకు అర్థం కావడం కోసం మొదట మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్తాను. మీ దగ్గర 2013 హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800 ఉంది. ఉండేది డాలస్ దగ్గర. సెలవులొస్తే భార్యాభర్తలిద్దరూ సామాను సర్దుకుని దూరప్రయాణాలకు వెళ్తారు. వెనక టైరు కొత్తది వేయించి ఎనిమిది వేల మైళ్లు తిరక్కుండానే నడిమధ్యలో చదునుగా అరిగిపోయింది. తోటి రైడర్లు "195/55ఆర్16 రన్‌ఫ్లాట్ కారు టైరు వేయించు, మూడింతలు మన్నుతుంది, మేమంతా అదే వాడుతున్నాం" అంటున్నారు. రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా కొంతదూరం నడిచేలా గట్టి పక్కగోడతో చేసిన టైరు. వేయించమంటారా, ప్రమాదమా అని అడిగారు. హైదరాబాద్‌లో ఉన్న మీ బావమరిది తన రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 బైకుకి కూడా ఇలాంటిదేమైనా కుదురుతుందా అని అడుగుతున్నాడన్నారు.

మీకు నా జవాబు: వద్దండి. మీరు చెప్పిన కారణానికైతే అసలే వద్దు. అలాగని మీకు సలహా ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్తున్నారని మాత్రం నేను అనను. బైకుకు ఇలా కారు టైరు వేసుకునేవాళ్లని అమెరికాలో డార్క్‌సైడర్లు అంటారు. వాళ్లలో చాలామంది నాకంటే ఎక్కువ మైళ్లు తిరిగినవాళ్లు, బండి పని చేతికి వచ్చినవాళ్లు. వాళ్లు చెప్పే మాటల్లో నిజం ఎంతో, అది ఎక్కడిదాకా నిలుస్తుందో తెలిస్తే నిర్ణయం మీరే తీసుకోగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ సైజు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. మీ బండికి కంపెనీ ఇచ్చిన వెనక టైరు 180/60ఆర్16. వెడల్పు 180 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం అంటే 108. రెండువైపులా కలిపి 216, దానికి 16 అంగుళాల రిమ్ము 406.4 కలిపితే టైరు మొత్తం ఎత్తు 622.4 మిల్లీమీటర్లు. ఇప్పుడు 195/55ఆర్16 లెక్క వేయండి. 195లో 55 శాతం 107.25, రెండింతలు 214.5, రిమ్ముతో కలిపి 620.9. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. అందుకే స్పీడోమీటరు తప్పు చూపించదు, ఏబీఎస్ ఉన్న బండిలో ముందు వెనక చక్రాల వేగాన్ని పోల్చి చూసుకునే కంప్యూటరు కూడా గందరగోళపడదు. పైగా ఈ సైజు మినీ కూపర్ కారుకు రన్‌ఫ్లాట్‌గా వచ్చేది కాబట్టి గట్టి పక్కగోడ ఉన్న టైరు ఏ టైర్ల దుకాణంలోనైనా దొరుకుతుంది. మన దేశంలో బలెనో, ఐ20 పై వేరియంట్లకు ఉండేదీ ఇదే సైజు. అంటే ఎవరో చేతికందిన టైరు తెచ్చి బిగించేయలేదు, లెక్క చూసుకునే ఎంచుకున్నారు. ఆ మేరకు వాళ్లను మెచ్చుకోవాలి.

బరువు లెక్కలోనూ వాళ్ల వాదనకు బలం ఉంది. కంపెనీ టైరు మీద 74హెచ్ అని ఉంటుంది. 74 అంటే ఆ టైరు మోయగలిగిన గరిష్ఠ బరువు 375 కిలోలు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. మీ బండి పెట్రోలుతో కలిపి సుమారు 410 కిలోలు. మీరు, మీ ఆవిడ, రెండు పక్కల పెట్టెలు, వెనక ట్రంకు నిండా సామాను వేసుకుంటే మొత్తం ఆరు వందల కిలోల దగ్గరికి చేరుతుంది. అందులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది. 375కి, వాస్తవంగా పడే బరువుకి మధ్య మిగిలే సందు పెద్దదేమీ కాదు. కారు టైరు మీద 87 అని ఉంటుంది, అంటే 545 కిలోలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికైనా కారు టైరే భద్రం అనిపిస్తుంది.

కానీ ఆ 545 కిలోలు ఏ స్థితిలో మోస్తుందని రాశారు? టైరు నిటారుగా నిలబడి, రోడ్డుకు దాని అడుగు మొత్తం ఆని ఉన్నప్పుడు. కారు చక్రం మలుపులో ఒరిగేది కొద్ది డిగ్రీలే. మోటారు సైకిలు మలుపు తిరగాలంటే వాలి తీరాలి. గోల్డ్‌వింగ్ ఎంత పెద్ద బండైనా ఫుట్‌పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) నేలకు రాసుకునేదాకా వాలగలదు. ఆ కోణంలో కారు టైరు ఎంత మోస్తుందో దాని మీద ఎక్కడా రాసి ఉండదు, ఎందుకంటే దాన్ని ఆ పనికి తయారుచేయలేదు, ఆ పనికి పరీక్షించలేదు. అమెరికాలో మోటారు సైకిలు టైర్లకు ఎఫ్ఎంవీఎస్ఎస్ 119 అనే ప్రమాణం వర్తిస్తుంది, కార్లకు వాడే రేడియల్ టైర్లకు 139. రెండూ వేర్వేరు పరీక్షలు. ఒకదాంట్లో వచ్చిన అంకెను తీసుకెళ్లి రెండో పనికి పూచీకత్తుగా చూపించడం కుదరదు.

ఇక అసలు విషయం, వాలడం. గుండ్రటి కుండను ఎటు వంచినా నేలకు ఒకే తీరున ఆనుతుంది, పీటను వంచితే అంచు మీద నిలబడుతుంది. బైకు టైరుకు, కారు టైరుకు తేడా అదే. బైకు టైరు అడ్డుకోత చూస్తే విల్లులా వంపుగా ఉంటుంది. బండి వాలినకొద్దీ నేలను తాకే చోటు టైరు మీద పక్కకు జరుగుతుందే కానీ ఆ తాకే వైశాల్యం పెద్దగా తగ్గదు. వాలిన టైరు తనంతట తానే బండిని మలుపు లోపలికి తోస్తుంది కూడా. ఆ తోపు వాలుతోపాటు క్రమంగా పెరుగుతుంది కాబట్టే మంచి టైరున్న బండి మలుపులో తేలిగ్గా, నమ్మకంగా సాగుతుంది.

కారు టైరు అడుగు చదును. బండిని వాల్చగానే బయటివైపు అంచు నేల వదిలేయాలని చూస్తుంది, లోపలివైపు అంచు మీద బరువు పడుతుంది. అప్పుడు పక్కగోడ నలిగి, వంగి, ట్రెడ్‌ను, అంటే గాళ్లున్న అడుగు భాగాన్ని, వీలైనంత నేలకు ఆనించి ఉంచుతుంది. అందుకే బాగా వాలినా కారు టైరు వెంటనే జారిపోదు. దాన్ని వాడేవాళ్లు ఫొటోలు తీసి చూపించేదీ ఇదే. ఆ ఫొటోలు నిజమే. అయితే నేలకు ఆనే చోటు ఇప్పుడు బండి నడిగీత నుంచి చాలా పక్కకు, లోపలి అంచుకు జరిగిపోయింది. నేల పైకి నెట్టే బలం అక్కడ పనిచేస్తుంది కాబట్టి అది బండిని మళ్లీ నిటారుగా లేపాలని చూస్తూనే ఉంటుంది. దానికి ఎదురుగా మలుపు పొడుగునా మీరు హ్యాండిల్ లోపలి పిడిని నొక్కి పట్టి ఉంచాలి. ముందు చక్రానికి మాత్రం గుండ్రటి బైకు టైరే ఉంది, అది వాలుదామంటుంది. ఒకే బండిలో రెండు చక్రాలు రెండు రకాల జవాబులు ఇస్తుంటాయి.

ఇలా టైరు మార్చిన జీఎల్1800 నేను నడిపాను, స్నేహితుడిది. తిన్నగా ఉన్న ఇంటర్‌స్టేట్ మీద ఏ లోటూ కనిపించలేదు. పట్టాల మీద పోతున్నట్టు స్థిరంగా ఉంది, వెనక బ్రేకు కొడితే బైకు టైరుకంటే గట్టిగా పట్టుకుంది. తేడా తెలిసింది మొదట ఎగ్జిట్ దగ్గర. లూపులా తిరిగే ర్యాంపులో కుడిచేత్తో పిడిని నెట్టడం ఆపితే చాలు, బండి లేచి బయటి గీత వైపు పోతుంది. అరచేతి మడమ మీద ఆ ఒత్తిడి ర్యాంపు అయిపోయేదాకా ఉంటుంది. రెండోసారి పెట్రోలు బంకులోకి తిరిగేటప్పుడు. రోడ్డుకు, బంకు గచ్చుకు మధ్య ఒక అంగుళం గట్టు ఉంది. దాన్ని ఏటవాలుగా ఎక్కించబోతే వెనక టైరు గట్టు వాలుకు తగ్గట్టు తను చదునుగా కూర్చోబోయింది, దాంతోపాటు బండి నడుము ఒక్కసారి పక్కకు తోసినట్టయింది. నెమ్మది మీద ఉన్నాం కాబట్టి కాలు ఆనించి నిలబెట్టాను. నాలుగు వందల కిలోల బండి కింద కాలు పెట్టడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ స్వభావం ప్రతి కారు టైరుకూ ఉంటుంది. చదును టైరు నేల ఎటు వాలితే అటు వాలాలని చూస్తుంది. రోడ్డు మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో పల్లంగా ఉన్నచోట, లారీల చక్రాలకు గాడి పడిన చోట, రోడ్డు పని జరుగుతూ రెండు వరసల మధ్య అంగుళమో రెండంగుళాలో ఎత్తు తేడా ఉన్నచోట దీని ప్రభావం తెలుస్తుంది. మీరుండే ప్రాంతంలో రోడ్డు పనులు ఏడాది పొడవునా ఉంటాయి. గంటకు అరవై మైళ్ల వేగంలో అలాంటి గట్టును కోసుకుంటూ వరస మారాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. టెక్సాస్‌లోని కొండల ప్రాంతం హిల్ కంట్రీ వైపు మీరు వెళ్తుంటామని రాశారు. మెడీనా, వాండర్‌పూల్, లేకీ ఊళ్లను కలుపుతూ పోయే రాంచ్ రోడ్ 337 మీద కుడి, వెంటనే ఎడమ, మళ్లీ కుడి అని మలుపులు వస్తుంటాయి. అక్కడ ప్రతి మలుపుకూ బండిని ఒకవైపు నుంచి రెండోవైపుకు తిప్పివేయాలి. కారు టైరుతోనూ తిప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతులకు అది అలవాటైంది. అలవాటైన మలుపులో కష్టం లేదు. మలుపు మధ్యలో జింక అడ్డం వచ్చి, అప్పటికే వాలి ఉన్న బండిని ఇంకాస్త వాల్చాల్సి వచ్చినప్పుడు, చెయ్యి ఆలోచించకుండా చేసే పనికి టైరు ఎలా స్పందిస్తుందన్నదే నా భయం. అది ఖాళీ పార్కింగు స్థలంలో పరీక్షించుకుని తెలుసుకోగలిగేది కాదు.

వానలో ఎలా ఉంటుందని కూడా అడుగుతారు. దీనిమీద రెండు మాటలూ నిజమే. కారు టైరు ట్రెడ్‌లో సన్నటి చీలికలు, నీళ్లు పోయే గాళ్లు ఎక్కువ. తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేస్తే పట్టు బాగుంటుంది. అదే నీళ్లు నిలిచిన చోట వేగంగా పోతే వెడల్పాటి చదును టైరు నీటిమీద తేలడానికి ఎక్కువ అవకాశం ఉంది, గుండ్రటి సన్నటి అడుగైతే నీటిని చీల్చుకుంటూ పోతుంది. ఒక్క వాన విషయం మీదే నిర్ణయించాల్సి వస్తే నేను ఎటూ గట్టిగా చెప్పను.

రిమ్ము సంగతి మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది అదే. టైరు లోపలి అంచున ఉక్కు తీగల కట్ట ఉంటుంది, దాన్ని బీడ్ అంటాం. అది రిమ్ము మీద ఒక ఏటవాలు పీఠం మీద కూర్చుంటుంది. అక్కడినుంచి లోపలికి జారకుండా ఒక చిన్న ఉబ్బు ఆపుతుంది. కారు రిమ్ముకు, బైకు రిమ్ముకు 16 అంగుళాలు అనే పేరు ఒకటే అయినా ఆ పీఠం ఆకారం, ఉబ్బు ఆకారం వేర్వేరు ప్రమాణాలకు చేసినవి. పైగా మీ బండి వెనక రిమ్ము వెడల్పు 5 అంగుళాలు. 195/55 టైరును మామూలుగా అయిదున్నర అంగుళాలకు పైబడిన కారు రిమ్ముల మీద వేస్తారు. అంటే టైరును దానికి చెప్పినదానికన్నా ఇరుకైన రిమ్ములోకి నొక్కి కూర్చోబెడుతున్నాం.

టైరు ఎక్కించేచోట నిలబడి చూస్తే ఇది కళ్లముందే కనిపిస్తుంది. సబ్బునీళ్లు రాసి గాలి పెడుతుంటే బైకు టైరు బీడ్ టప్ టప్‌మని రెండు చప్పుళ్లతో కూర్చుంటుంది. ఆ తర్వాత పక్కగోడ మీద రిమ్ముకు దగ్గర్లో ఉండే సన్నటి గీత, రిమ్ము అంచుకు చుట్టూ ఒకే దూరంలో ఉందా అని వేలితో తడుముతూ చూసుకుంటాం. కారు టైరును ఈ రిమ్ము మీద వేసినప్పుడు ఒక వైపు కూర్చుని, రెండోవైపు ఒక జానెడు మేర లోపలికి పోయి అలాగే ఉండిపోతుంటుంది. చాలా కారు టైర్ల మీద "బీడ్ కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటవద్దు" అని అచ్చువేసి ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టాలంటే కొందరు యాభై, అరవై దాకా పోతారు. ఆ ఒత్తిడిలో బీడ్ తీగ తెగితే టైరు పేలినట్టే, పక్కన ఉన్నవాడి చేతులు, మొహం పోతాయి. తెగకుండా సాగిందనుకోండి, అది బయటికి కనపడదు, ఆ టైరు మీదే మీరు ఊరెళ్తారు. ఇక్కడ చాలా దుకాణాలు ఈ పని చేయమని మొహమ్మీదే చెప్పేస్తాయి, టైరు కంపెనీలూ బైకు రిమ్ముకు కారు టైరు వేయవద్దని స్పష్టంగానే రాస్తాయి. వాళ్లు కోర్టు భయంతో అలా అంటారని డార్క్‌సైడర్ల వాదన. కోర్టు భయం ఉన్నమాట నిజమే కావచ్చు, దానివల్ల ఇరుకు రిమ్ము వెడల్పవదు కదా.

మరి ఇన్ని వేలమంది ఎలా తిరుగుతున్నారు అంటారా? తిరుగుతున్నారు, క్షేమంగానే. చాలామంది వాడకం తొంభై శాతం తిన్నటి హైవే, పెద్ద వాలు లేని మలుపులు. ఆ వాడకానికి కారు టైరు సరిపోతుంది. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కారు టైరుకు మారేవాళ్లు సాధారణంగా ఏ టైరు మీంచి మారతారు? ఇప్పుడు మీ బండికి ఉన్నలాంటి, నడుమ చదునుగా అరిగిపోయిన టైరు మీంచి. ఆ స్థితిలో బైకు టైరు కూడా మలుపులో తడబడుతుంది, చదును భాగం నుంచి అంచు మీదికి ఎక్కేటప్పుడు బండి ఒక్కసారి పక్కకు పడినట్టు అనిపిస్తుంది. దానితో పోలిస్తే కొత్త కారు టైరు హాయిగానే ఉంటుంది. కొత్త బైకు టైరుతో పోల్చి చూసేవాళ్లు తక్కువ. మీరు ఆ పోలిక చూడాలంటే ముందు సరైన కొత్త టైరు వేయించుకుని వారం నడపండి.

ఇక డబ్బు. ధరలు ఊరినిబట్టి మారతాయి, లెక్క తీరు చూపించడానికి ఉజ్జాయింపు అంకెలు వేస్తున్నాను. బైకు టైరు, బిగింపు కూలితో కలిపి మూడు వందల డాలర్లు, పది వేల మైళ్లు వస్తుందనుకుందాం. మైలుకు మూడు సెంట్లు. కారు టైరు కూలితో కలిపి రెండు వందల యాభై, పాతిక వేల మైళ్లు వస్తుందనుకుందాం. మైలుకు ఒక సెంటు. మిగిలేది మైలుకు రెండు సెంట్లు. మీరు ఏడాదికి ఎనిమిది వేల మైళ్లు తిరిగితే నూట అరవై డాలర్లు. గ్యాలనుకు నలభై మైళ్లిచ్చే బండికి గ్యాలను మూడు డాలర్ల చొప్పున మైలుకు పెట్రోలు ఖర్చే ఏడున్నర సెంట్లు. నూట అరవై డాలర్లు చిన్న మొత్తమని నేననను, ఎవరి కష్టార్జితం వాళ్లది. కానీ ఇద్దరు మనుషులు కూర్చునే బండిలో నేలను తాకే రెండే రెండు చోట్లలో ఒకదాన్ని మార్చడానికి అది తగిన ధర కాదు. ఏడాదికి ముప్ఫై వేల మైళ్లు తిరిగేవాళ్లకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. డార్క్‌సైడర్లలో అలాంటివాళ్లు చాలామంది, వాళ్లకు ఊరికాని ఊళ్లో టైరు అరిగిపోవడమనే బాధ కూడా ఉంది. మీది ఆ వాడకం కాదు.

నిజానికి మీరు వెతకాల్సిన డబ్బు ఇంకోచోట ఉంది. ఎనిమిది వేల లోపే నడుమ అరిగిపోయిందంటే నేను ముందు అడిగేది గాలి సంగతి. మీ బండికి హోండా చెప్పినది ముందు 36, వెనక 41 పీఎస్ఐ, టైరు చల్లగా ఉన్నప్పుడు. చల్లగా అంటే రాత్రంతా నిలబెట్టి పొద్దున బయల్దేరే ముందు. బంకుదాకా నడిపి అక్కడ గాలి చూస్తే టైరు అప్పటికే వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది, మీరు సరిపోయిందనుకుని వదిలేస్తారు. వాతావరణం పది డిగ్రీల ఫారన్‌హీట్ చల్లబడితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. టెక్సాస్‌లో అక్టోబరు మధ్యాహ్నానికి, డిసెంబరు తెల్లవారుజాముకు మధ్య నలభై, యాభై డిగ్రీల తేడా మామూలే. అంటే పంక్చరు లేకుండానే నాలుగైదు పీఎస్ఐ పోయినట్టు. 41 ఉండాల్సిన చోట 34తో ఇద్దరు మనుషుల్ని, సామాన్ని మోస్తూ వేసవిలో గంటకు ఎనభై మైళ్ల వేగంతో పోతే పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలుగుతుంది, టైరు వేడెక్కుతుంది, వేడి రబ్బరు త్వరగా అరుగుతుంది. ఇంజనుది 167 న్యూటన్ మీటర్ల టార్కు. గేరు మారినప్పుడల్లా అదంతా వచ్చి పడేది ఆ నడుమ పట్టీ మీదే. కాబట్టి ఒక మంచి గేజీ కొని ట్యాంకు బ్యాగులో పెట్టుకోండి. ప్రయాణం రోజుల్లో ప్రతి పొద్దునా, మామూలు రోజుల్లో వారానికోసారి చూసుకోండి. బండి డ్యాష్‌బోర్డులో గాలి హెచ్చరిక లైటున్నా గేజీ మానవద్దు. గాలి బాగా తగ్గాకే ఆ లైటు వెలుగుతుంది.

తర్వాత చూడాల్సింది టైరు పుట్టిన తేదీ. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో చేసిందని అర్థం. కొందరు దుకాణదారులు షెల్ఫులో ఏళ్ల తరబడి ఉన్న టైరును కొత్తదని అమ్ముతారు. గట్టిపడిన రబ్బరు ఎక్కువ మన్నుతుందనుకోవడం పొరపాటు, తడిలో పట్టు ముందే పోతుంది.

మూడోది, కొత్త టైరు ఎంచుకునేటప్పుడు మీ సైజులోనే 80 లోడ్ ఇండెక్స్ (పైన చెప్పిన 74 లాంటి బరువు అంకె) ఉన్న బైకు టైర్లు దొరుకుతాయి, మెట్జెలర్‌లో చూడండి. 80 అంటే 450 కిలోలు. 74తో పోలిస్తే 75 కిలోలు అదనం. ఇద్దరూ సామానుతో వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కారు టైరువాళ్లు చూపించే బరువు లాభంలో మీకు నిజంగా కావాల్సినంత ఇందులోనే దొరుకుతుంది, అదీ గుండ్రటి అడుగుతో, మీ రిమ్ముకోసమే చేసిన బీడ్‌తో. ఎక్కువ మన్నాలంటే డన్‌లప్ ఎలీట్ 4 కూడా దూరప్రయాణాల వాళ్లు ఇష్టపడే టైరే. ముందుది అరిగిపోయి ఉంటే వెనకది ఒక్కటీ మార్చి ఊరుకోకండి, రెండూ ఒకే జతగా పరీక్షించినవి వేయించండి. మీ ఆవిడ ఎక్కినప్పుడు వెనక సస్పెన్షను ప్రీలోడు (స్ప్రింగు బిగువు) పెంచడం మరవకండి, మీ బండికి ఎడమచేతివైపు బటన్లతోనే పెరుగుతుంది, రెండు స్థాయిలు గుర్తుంచుకునే వీలు కూడా ఉంది.

ఇంత చెప్పినా వేయించుకుంటానంటే ఆపడానికి నేనెవర్ని. అప్పుడు కనీసం ఇవి చూసుకోండి. రన్‌ఫ్లాట్ తప్ప మామూలు కారు టైరు వద్దు, మెత్తటి పక్కగోడ వాలులో ఊగిపోతుంది. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా ఎనభై కిలోమీటర్లు లాగేలా చేసిన గట్టి పక్కగోడ దానిది. బీడ్ 40 పీఎస్ఐ లోపు కూర్చోకపోతే ఆ టైరును వాపసు ఇచ్చేయండి, ఎక్కువ గాలితో కూర్చోబెట్టనివ్వద్దు. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి, స్వింగార్ముకు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయికి), లోపలి మడ్‌గార్డుకు వేలు దూరేంత సందు చుట్టూ ఉందో లేదో చూడండి, వేగంలో టైరు ఇంకాస్త ఉబ్బుతుంది. మొదటి కొన్ని వందల మైళ్లు ఒంటరిగానే నడపండి, మీ ఆవిడను ఎక్కించుకోకండి. ఇన్సూరెన్సు కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి వాళ్ల జవాబు దాచుకోండి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బళ్లకు ఏటేటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు కాబట్టి ఎవరూ ఆపరు, అయితే ప్రమాదం జరిగాక బండిని పరిశీలించేవాడికి వెనక టైరు మొదటి చూపులోనే కనపడుతుంది.

కారు టైరు నేను మనస్ఫూర్తిగా వేయించుకోమనే సందర్భం ఒకటుంది. రేపెప్పుడైనా గోల్డ్‌వింగ్‌ను మూడు చక్రాల ట్రైకుగా మార్పించుకున్నా, సైడ్‌కారు తగిలించుకున్నా అది వాలే బండి కాదు. మలుపులో టైర్ల మీద పక్కనుంచి బలం పడుతుంది, అది కారు టైరు బాగా భరించగలిగే పని. అక్కడ గుండ్రటి బైకు టైరే తప్పు, చిన్న పట్టీ మీద నిలబడి వేల మైళ్లు కూడా రాకుండా అరిగిపోతుంది. ట్రైకు కిట్లు వెనక కారు రిమ్ములతో, కారు టైర్లతోనే వస్తాయి. మోకాళ్లు సహకరించక ట్రైకుకు మారిన పెద్దవాళ్లు చాలామంది హాయిగా తిరుగుతున్నారు.

మీ బావమరిదికి జవాబు చిన్నది. సూపర్ మీటియర్ వెనక టైరు 150/80-16, ఎత్తు సుమారు 646 మిల్లీమీటర్లు. ఆ ఎత్తుకు దగ్గరగా ఉండే కారు టైరు 195/60ఆర్16, సుమారు 640. కానీ వెడల్పు 45 మిల్లీమీటర్లు ఎక్కువ. అటు చైను, ఇటు స్వింగార్ము, మధ్యలో అంత చోటు లేదు. చోటు చేయాలంటే స్వింగార్మును కోసి వెల్డింగు చేయాలి, ఆ పని చేసిపెడతామనేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు, వాళ్ల దగ్గరికి పోవద్దని చెప్పండి. పైగా మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 95వది టైరు సైజు గురించే ఉంది. ఆర్టీఓ దగ్గర ఇబ్బంది ఒకెత్తు, క్లెయిము దగ్గర ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేయడం ఇంకొకెత్తు. కంపెనీ సైజులోనే మంచి ట్యూబులెస్ బైకు టైరు వేయించుకోమనండి.

మీరు మాత్రం రేపు పొద్దున బండి తీయకముందు వెనక టైరు గాలి ఎంత చూపించిందో, డాట్ అంకెలు ఏమున్నాయో, టైరు నడుమా అంచుల్లోనూ ట్రెడ్ లోతు ఎంతుందో రాయండి. ఆ మూడూ చూస్తే ఎనిమిది వేల మైళ్లకే ఎందుకు పోయిందో చాలావరకు చెప్పగలను.